డిగ్రీ పూర్తి చేద్దామంటే.. మళ్లీ మొదటి నుంచా?

ఐటీలో ఏడెనిమిదేళ్ల అనుభవం ఉంటుంది. టీమ్‌ని నడిపిస్తుంటారు. తీరా కంపెనీ మారదామని అప్లికేషన్ నింపేటప్పుడు చదువు దగ్గర ‘ఇంటర్మీడియట్’ అని రాయాల్సి వస్తుంది. ఫీజు కట్టలేక బీటెక్ మూడో ఏడాదిలో ఆపేసినవాళ్లు, ఎం-3 ఒక్కటే మిగిలిపోయి ఉద్యోగంలో చేరిపోయినవాళ్లు, పెళ్లయ్యాక బీకామ్ వదిలేసిన అమ్మాయిలు.. ఇలాంటివాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ‘ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తి చేయాలి, ఏ కాలేజీ మంచిది?’ అన్నది నాకు తరచూ వచ్చే మెసేజ్. నన్నడిగితే కాలేజీ సంగతి తర్వాత. ముందు అడగాల్సింది, ఇప్పటికే పాసైన సబ్జెక్టుల సంగతేంటని.

అమెరికాలో ఇలాంటివాళ్ల కోసమే కొన్ని విద్యాసంస్థలు నడుస్తున్నాయి. న్యూజెర్సీలో 1972లో మొదలైన థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ అలాంటిదే. పాత కాలేజీలో సంపాదించిన క్రెడిట్లను లెక్కలోకి తీసుకుని, మిగిలినవి పూర్తి చేయిస్తారు. మన దగ్గర పెద్దవాళ్లకు సీటు దొరకడం కష్టమేమీ కాదు. హైదరాబాద్‌లో 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే తొలి ఓపెన్ యూనివర్సిటీ. ఇగ్నో ఉంది, ఆన్‌లైన్ డిగ్రీలూ వచ్చేశాయి. కానీ వీటిలో ఎక్కడ చేరినా చాలామంది మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెట్టాలి. పూర్తి చేయడమన్న మాటే గానీ, జరిగేది మళ్లీ చదవడం.

దీన్ని మార్చడానికే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, అంటే ఏబీసీ తెచ్చారు. సంపాదించిన క్రెడిట్లు ఖాతాలో ఉంటాయి, ఏడేళ్ల వరకు చెల్లుతాయి, వేరే యూనివర్సిటీకి తీసుకెళ్లొచ్చు. ఆలోచన బాగుంది. కానీ యూజీసీ 2021లో ఇచ్చిన నిబంధనల్లోనే ఒక గీత గీసింది. 2021-22 విద్యా సంవత్సరం నుంచి సంపాదించిన క్రెడిట్లకే ఇది వర్తిస్తుంది. 2014లోనో, 2017లోనో చదువు ఆపినవాళ్ల ఖాతాలో ఉండేది సున్నా. డిగ్రీ అవసరం గట్టిగా తెలిసొచ్చేది ముప్పైల్లో. ఆ వయసువాళ్లే ఈ పథకానికి బయట ఉండిపోయారు. ఇప్పుడు ఫస్టియర్‌లో ఉన్న తమ్ముళ్లకు ఉపయోగపడుతుంది, సంతోషమే. మరి అన్నల సంగతి? పాత మార్కుల మెమోలను పరిశీలించి క్రెడిట్లుగా మార్చడం యూనివర్సిటీలకు చేతకాని పనేం కాదు. లేటరల్ ఎంట్రీ వాళ్లకు, కాలేజీ మారినవాళ్లకు సబ్జెక్టుల పోలికలు చూస్తూనే ఉన్నారు కదా.

కాబట్టి కొత్త కాలేజీకి అప్లై చేసే ముందు పాత యూనివర్సిటీ తలుపు తట్టండి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో నాలుగేళ్ల బీటెక్‌ను ఎనిమిదేళ్లలో పూర్తి చేయాలి. మీకింకా గడువుంటే రీఅడ్మిషన్, సప్లీలే అన్నిటికన్నా దగ్గరి దారి. గడువు దాటినా పూర్తిగా ఆశ వదులుకోవద్దు. బ్యాక్‌లాగ్స్ మిగిలిపోయినవాళ్లకు యూనివర్సిటీలు అప్పుడప్పుడు ‘వన్ టైమ్ చాన్స్’ నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. రెండు సబ్జెక్టులు మిగిలినవాళ్లు మూడేళ్ల కొత్త డిగ్రీకి ఫీజు కట్టేసి, ఆర్నెల్ల తర్వాత ఇలాంటి నోటిఫికేషన్ చూసి తల పట్టుకోవడం కన్నా, ముందే పరీక్షల విభాగంలో కనుక్కోవడం నయం.

ఇక ఇంకో చిక్కు. టీసీ, ఇంటర్ మెమో, టెన్త్ మెమో.. ఒరిజినల్స్ అన్నీ పాత కాలేజీ బీరువాలో ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని, మిగిలిన ఏళ్ల ఫీజు కూడా కడితేనే ఇస్తామని కాలేజీలు చెప్పడం రెండు తెలుగు రాష్ట్రాల్లో కొత్తేం కాదు. విద్యార్థుల ఒరిజినల్స్‌ను అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. నోటిమాటతో తేలకపోతే కాలేజీకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ యూనివర్సిటీకి పంపండి. కాగితం మీద పడ్డ విన్నపానికి జవాబు రావడం నేను చూశాను. ప్రిన్సిపాల్ గది బయట కూర్చుంటే మాత్రం సాయంత్రం అవుతుంది, అంతే.

కొత్తగా చేరక తప్పదనుకుందాం. యూజీసీ నిబంధనల ప్రకారం గుర్తింపున్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమే. ఇక్కడ ‘గుర్తింపు’ అంటే యూనివర్సిటీకి ఉంటే చాలదు. మీరు చేరే కోర్సుకి, మీరు చేరే సెషన్‌కి అనుమతి ఉందా అన్నది యూజీసీ దూరవిద్యా బ్యూరో సైట్‌లో చూసుకోవాలి. జాబితా మారుతూ ఉంటుంది. 2025లో సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ లాంటివి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదన్నారు. ప్రవేశానికి డెబ్ ఐడీ కావాలి, దానికి ఏబీసీ ఐడీ, దానికి ఆధార్. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, టెన్త్ మెమోలో పూర్తిగా ఉండటం మనవాళ్లకు మామూలే. ముందు అది సరిచేసుకోండి, చివరి తేదీన ఆగిపోయేది అక్కడే.

బీటెక్ మాత్రం దూరవిద్యలో లేదు. ఉందని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు ఇలా ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలపై 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2001-05 మధ్య చేరినవాళ్ల డిగ్రీలను సస్పెండ్ చేసి మళ్లీ పరీక్ష రాయమంది, తర్వాత చేరినవాళ్లవి రద్దే చేసింది. సక్రమమైన దారి, ఏఐసీటీఈ 2023లో ఉద్యోగుల కోసం అనుమతించిన బీటెక్. క్లాసులు పనివేళలకు తగ్గట్టు ఉంటాయి. కనీసం ఏడాది ఉద్యోగానుభవం ఉండాలి, ఆఫీసు కాలేజీకి నిర్ణీత దూరంలో ఉండాలి. డిప్లొమా చేసి ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

‘రెగ్యులర్ డిగ్రీయే ఇప్పిస్తాం, కాలేజీకి రానక్కర్లేదు’ అనే కన్సల్టెన్సీల గురించి ఒక్క మాట. వన్ సిట్టింగ్ డిగ్రీ నకిలీ అని చాలామందికి తెలుసు. ఈ రెండో రకం దగ్గరే మోసపోతున్నారు. సర్టిఫికెట్ అసలుదే, యూనివర్సిటీ అసలుదే. కానీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా చూస్తారు. కడపలో రోజూ క్లాసుకు వెళ్లినట్టున్న మూడేళ్లూ మీరు గచ్చిబౌలిలో ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసినట్టు అందులో ఉంటుంది. హెచ్ఆర్ అడిగితే ఏం చెబుతారు? దూరవిద్య డిగ్రీతో ఈ గొడవ లేదు, ఉద్యోగం చేస్తూ చదివానని సర్టిఫికెటే చెబుతుంది. దూరవిద్య అంటే చిన్నచూపు చూసే హెచ్ఆర్‌లు ఇంకా ఉన్నారు, కాదనను. కానీ చిన్నచూపు వేరు, ఆఫర్ రద్దవడం వేరు.

దూరవిద్య ప్రవేశాలు ఏటా రెండుసార్లు, జులై, జనవరి సెషన్లకు జరుగుతాయి. ఒకటి తప్పితే ఆర్నెల్లు ఆగాలి. ఒరిజినల్స్ చేతికి రావడానికే ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పాత కాలేజీకి రాయాల్సిన ఉత్తరం ఈ వారమే రాయండి.