ప్రేమలేఖ నుంచి శుభలేఖ దాకా

గడ్డపోతారం పారిశ్రామికవాడలో ఏదైనా మందుల కంపెనీ గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. షిఫ్టుకొచ్చే మనిషిని ఐడీ కార్డు అడుగుతారు. జేబులు తడుముతారు. అగ్గిపెట్టె ఉంటే అక్కడే వదిలేసి వెళ్లాలి. సాల్వెంట్ ఆవిరి ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు కదా! అందుకే ఆ తనిఖీకి ఎవరూ విసుక్కోరు. అదే మనిషి షిఫ్టు దిగి, బస్సెక్కి, సెల్‌ఫోన్ తీశాడంటే మాత్రం ఏది కనిపిస్తే అది నొక్కేస్తాడు. ఆయనొక్కడే ఏమిటి, మనమందరం అంతే. ఫోనుకు గేటు లేదు, కాపలా లేదు. ఉన్న ఒక్క కాపలా మన వేలే!

వైరస్ అనగానే ఎక్కడో కూర్చున్న మహామేధావి మన కంప్యూటర్‌లోకి గోడ దూకి వస్తాడని ఊహించుకుంటాం. చాలాసార్లు అతగాడికి అంత శ్రమ అక్కర్లేదు. తలుపు తట్టి, మన చేతే గడియ తీయిస్తాడు.

2000 మే నెలలో జరిగింది అదే. ‘ఐ లవ్ యూ’ అన్న పేరుతో ఫిలిప్పీన్స్ నుంచి ఒక ఈమెయిల్ బయల్దేరింది. దానికి జతగా ఒక ప్రేమలేఖ. చూడటానికి మామూలు అక్షరాల ఫైలులా ఉంటుంది. పేరు చివర దాగి ఉన్న మూడక్షరాలు మాత్రం అది ఉత్తరం కాదు, ప్రోగ్రామ్ అని చెబుతాయి. అంత దూరం చూసేదెవరు? తెరవగానే అది కంప్యూటర్‌లోని ఫైళ్లను పాడుచేసి, అడ్రస్ పుస్తకంలో ఉన్నవాళ్లందరికీ తనంతట తనే వెళ్లిపోయింది. అందుకున్నవాళ్లకు పంపినవారు పరిచయస్తులే. ఇంకేం, అనుమానం రాలేదు. ప్రపంచమంతటా లక్షలాది కంప్యూటర్లు మూలపడ్డాయి.

పాతికేళ్లు గడిచాయి. ప్రేమలేఖ కాస్తా శుభలేఖ అయింది! ఇప్పుడు వాట్సాప్‌లో ‘మా ఇంట పెళ్లి, తప్పక రండి’ అంటూ ఒక ఫైలు వస్తుంది. లేదంటే ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ డబ్బులనో, బ్యాంకు కేవైసీ అనో పేరు పెట్టుకుని వస్తుంది. పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటుంది. అసలు శుభలేఖ అయితే ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. ఏపీకే అంటే ఫోన్‌లో కొత్తగా కాపురం పెట్టే యాప్. ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేశారా, మీ ఎస్సెమ్మెస్‌లు దొంగ చదువుతాడు. ఓటీపీ మీకంటే ముందు అతనికే తెలుస్తుంది. పైగా మీ పేరుతోనే మీ బంధువులందరికీ ఆ ‘శుభలేఖ’ వెళుతుంది. ‘మా బాబాయే పంపాడు కదా’ అన్న నమ్మకమే ఇక్కడ అసలు ఎర.

ఇళ్లకే కాదు, డబ్బుకు కాపలా కాసే బ్యాంకులకూ ఈ బెడద తప్పలేదు. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో సుమారు 12.48 కోట్ల రూపాయలు మాయమయ్యాయి. పోలీసులు తీగ లాగితే 2021 నవంబరులో సిబ్బందికి వచ్చిన ఈమెయిళ్ల దగ్గర డొంక కదిలింది. అలాంటివి రెండు వందలకు పైగా వచ్చాయి. అన్నీ తెరవనక్కర్లేదు, ఒకటి రెండు తెరిస్తే చాలు. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ట్రోజన్ లోపలికి చేరింది. దాదాపు రెండు నెలలు చడీచప్పుడు లేకుండా ఉండి, అదను చూసి దెబ్బకొట్టారు. సైబర్ భద్రతలో లోపాలకు రిజర్వ్ బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా కూడా వేసింది.

నొక్కితేనే ముప్పు అనుకోకండి. నొక్కాల్సినదాన్ని నొక్కకపోయినా ముప్పే! 2017 మేలో ‘వన్నాక్రై’ విరుచుకుపడి ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు ఇస్తేనే తీస్తానంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే ఇచ్చింది. ‘తర్వాత చూద్దాం’ అని పక్కకు తోసేసినవాళ్లే ఎక్కువగా నష్టపోయారు.

ఉచితమంటే ఫినాయిలైనా తాగేస్తామని మనమీద ఒక జోకుంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు, పైరసీ సైట్లలో కొత్త సినిమాలు అలాంటి ఫినాయిలే. యాప్ కావాలంటే ప్లేస్టోర్‌కే వెళ్లండి. అక్కడా పేరు, తయారుచేసినవారెవరో చూసుకోండి. లెక్కల యాప్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో పనేమిటని అడగండి. ఊళ్లు తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయకుండా తెరవకండి. పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాలు ఇంకొక డిస్కులో దాచి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి విడిగా ఉంచండి. ఫైళ్లకు ఎవడైనా తాళం వేసినా మీకు భయముండదు.

ఇంత చూసుకున్నా పొరపాటు జరిగితే? ముందు నెట్ కనెక్షన్ తెంచేయండి. గడ్డపోతారానికి దగ్గర్లోని బొల్లారంలో యూనిట్లున్న డాక్టర్ రెడ్డీస్ 2020 అక్టోబరులో ర్యాన్‌సమ్‌వేర్ దాడిని పసిగట్టగానే తన డేటా సెంటర్ సేవలన్నిటినీ విడదీసింది. మంట అంటుకున్నప్పుడు పక్క గదికి పాకకుండా తలుపులు మూసినట్టన్నమాట. మన ఇంట్లో అయితే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. మరో ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930 నంబరుకు చెప్పాలి. వెంటనే చెబితే పోయిన డబ్బు చేతులు మారేలోపు ఆపించే అవకాశం ఉంది. పాస్‌వర్డులు కూడా ఆ మరో ఫోన్ నుంచే మార్చుకోవాలి.

ఆలస్యానికి చాలాసార్లు కారణం తెలియకపోవడం కాదు, భయం. నాన్న తిడతాడని అబ్బాయి చెప్పడు. కోడలు నవ్వుతుందని అత్తగారు చెప్పరు. దొంగకు కావలసింది ఆ రెండు గంటల మౌనమే. అందుకని ఈ ఆదివారం భోజనాల దగ్గర అందరూ కలిసి ఒక్క మాట అనుకోండి: ఎవరు ఏది నొక్కినా ముందు చెప్పాలి. తిట్లు, దెప్పుళ్లు ఏమైనా ఉంటే 1930కి ఫోన్ చేశాకే!