రూపకుండపు టెముకలు

హిమాలయములలో త్రిశూల శిఖరమునకు దిగువను, సముద్రమట్టమునకు 5,000 మీటర్లకు మించిన యెత్తున, రూపకుండమను చిన్న సరస్సు కలదు. అది యిప్పటి ఉత్తరాఖండ రాష్ట్రములోని చమోలీ జిల్లాలోనిది. మన పోచారము చెరువుతో బోల్చినచో నదియొక గుంటయే. ఈ గట్టున నిలిచి విసరిన రాయి యా గట్టున బడును. సంవత్సరములో హెచ్చుభాగము మంచుచే గప్పబడి యుండును. మంచు కరిగిన కొలది దినములలో మాత్రము నీటి యడుగునను, గట్టు రాళ్ల సందులను, వందలకొలది మనుష్యుల యెముకలు కానవచ్చును. 1942వ సంవత్సరమున నటవీశాఖ యుద్యోగి యొకరు వానిని జూచి పై యధికారులకు దెలిపిరి. నాటినుండి "ఈ మృతు లెవరు?" అను ప్రశ్న విద్వాంసులను వదలలేదు.

మెదకు పట్టణపు పాఠశాల పత్రికలో నెక్కడిదో మంచుగుంట ప్రసంగ మేల యని చదువరు లడుగవచ్చును. అందులకు గారణములు రెండు. ఆ ప్రశ్నపై ముఖ్యమైన పరిశోధన మనకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. యను జీవశాస్త్ర పరిశోధనాలయమున జరిగినది. రెండవ కారణము మాకంత గౌరవకరమైనది కాదు. ఈ సంగతిని మేము పెక్కేండ్లు తప్పుగా బోధించితిమి.

2004లో మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండగా, ఒక శాస్త్రజ్ఞుల బృందము రూపకుండమునకు బోయి యెముకలను దెచ్చి పరీక్షించెను. అవి సుమారు క్రీ. శ. 850 నాటి వనియు, కొన్ని పుర్రెలపై మీదినుండి గుండ్రని వస్తువు పడిన దెబ్బలున్న వనియు, కావున పెద్ద వడగండ్ల వానలో నందరు నొక్కమారే మరణించి యుందు రనియు వార్త వచ్చెను. ఆ కొండపల్లెల స్త్రీలు పాడుకొను పాటలలో గూడ, కనోజు రాజగు జసధవళుడు నాట్యకత్తెలను వెంటబెట్టుకొని నందాదేవి యాత్రకు బోగా దేవి కినిసి యినుపగుండ్లవంటి వడగండ్లు కురిపించిన దను కథ కలదట. పాటయు శాస్త్రమును నింత చక్కగ గలిసినపుడు ఉపాధ్యాయునికి వేరేమి కావలయును? వడగండ్ల పాఠము వచ్చినపుడెల్ల మే మీ కథ చెప్పి, డస్టరుతో బల్లపై నాలుగు దెబ్బలు కొట్టి, పిల్లలను బెదరించుచుండెడివారము. "అట్లు జరిగినది" అనియే చెప్పితిమి గాని, "జరిగి యుండవచ్చును" అని యొక్కనాడును జెప్పలేదు.

2019 ఆగస్టులో వేరు వార్త వచ్చెను. సి.సి.ఎం.బి.కి సంచాలకులై యుండిన లాల్జీ సింగుగారి కాలమున నారంభమైన పని, వారు 2017లో గతించిన పిమ్మట, తంగరాజుగారు, నీరజ్ రాయిగారు, విదేశ విద్వాంసులు మున్నగువారి చేత నొక కొలిక్కి వచ్చినది. వారు 38 మంది యెముకలను బొడి చేసి, యందు మిగిలిన డి.ఎన్.ఏ.ను జదివిరి. యెముకలలోని కార్బనును గొలిచి కాలమును నిర్ణయించిరి. ప్రాణి మరణించిన పిదప కార్బన్-14 అను పదార్థము సుమారు 5,730 ఏండ్లకు సగము చొప్పున దరుగును గనుక, మిగిలిన దానినిబట్టి వయస్సు తెలియును.

వచ్చిన ఫలిత మెవరు నూహింపనిది. 38 మందిలో 23 మంది మన దేశపు జనులకు సంబంధించినవారు. వీరు గూడ నొకే కులమువారు గారు, ఒకేనాడు పోయినవారును గారు, క్రీ. శ. 7 నుండి 10వ శతాబ్దము లోపల వేర్వేరు సమయములలో మరణించిరి. తక్కిన 14 మంది గ్రీసు, క్రీటు ప్రాంతముల నేటి జనులను బోలినవారు. మరి యొకరు ఆగ్నేయాసియావారు. ఈ పదునేవురును మరణించినది సుమారు 1800 ప్రాంతమున! అనగా మొదటివారికిని వీరికిని నడుమ దాదాపు వేయి యేండ్లు. గ్రీసు పోలికవారు చిరుధాన్యములను మిక్కిలి తక్కువగ దినిరని సయిత మెముకలే చెప్పినవి. ఎవరికిని నెవరును దగ్గరి బంధువులు గారు. అంటురోగపు గురుతు లగపడలేదు. మధ్యధరా సముద్రతీరపు జనులు హిమాలయములలోని యీ గుంటకేల వచ్చిరో యెవరును జెప్పలేకున్నారు.

మరునాడు మేము తరగతికి బోయి యీ సంగతి చెప్పితిమి. వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "సార్, మీరు పోయినేడు చెప్పింది అబద్ధమా?" అని యడిగెను. వెంటనే యుత్తరము తోచలేదు. అబద్ధము కాదు, మేము కల్పించినది గాదు. నిజమును గాదు. తేలని దానిని దేలినట్లు చెప్పితిమి, తప్పక్కడ నున్నది. ఆ మాటయే వానితో ననినాము.

ఉపాధ్యాయుడు తన మాట సవరించుకొన్నచో బిల్లలకు గురి చెడునని కొందరు సహోపాధ్యాయు లనుచుందురు. పరీక్షలో నొక్క జవాబే వ్రాయవలయును, రెండు చెప్పిన బాలుడు తికమక పడునని తలిదండ్రు లనుచుందురు. పరీక్ష సంగతి మేమెరుగుదుము. గైడు పుస్తకములు బట్టీ పట్టించినవారమే. కాని "గ్రీసువా రక్కడి కెట్లు వచ్చిరి?" అని పిల్లలడుగగా, "ఇంకను దెలియలేదు" అని మేమనిన యా దినమున, గంట కొట్టినను తరగతి కదలలేదు. వర్తకులేమో యని యొకడు, దారి తప్పిరేమో యని యొకతె, వాదులాడుకొనుచునే యుండిరి. డస్టరు దెబ్బలతో మే మేనాడు నట్టి శ్రద్ధను సంపాదింపలేదు. పాటను గూడ వా రెగతాళి చేయలేదు. అది మొదటి గుంపులో గొందరి చావును దలచుకొనుచున్నదేమో యని యొక బాలిక యనినది. ఆ మాట మాకు నచ్చినది.

ఇంకొక సంగతి గలదు. రూపకుండమునకు బోవు యాత్రికులు ఎముకలను జ్ఞాపకార్థమని సంచులలో వేసికొని పోవుచుండిరి. పోయిన ప్రతి యెముకతో నొక మనిషి చరిత్ర పోయినది. మన సీమలోను నిట్టి నష్టము లేకపోలేదు. మన చేల గట్లమీద రాకాసి గుళ్లని పిలువబడు రాతి వలయములున్నవి. అవి ప్రాచీనుల సమాధులు. 2016 వరకు మన జిల్లాలోనిదైన నర్మెట్టలో 2017న పురావస్తు శాఖవారు త్రవ్వగా మిక్కిలి బరువైన కప్పురాయి బయల్పడినది. అన్ని సమాధులకు నట్టి యదృష్టము పట్టదు.

కొంతకాలమునకు మునుపు మా తరగతి బాలు డొకడు తన పొలమునుండి యొక యెముక తునుకను, నల్లని కుండపెంకును రుమాలులో గట్టి బడికి దెచ్చెను. మేము వానిని మెచ్చుకొని, పిదప నెక్కడ దొరికెనో యక్కడనే యుంచవలయునని చెప్పితిమి. శనివారము వానితో గూడ మేమును బోతిమి. అప్పటికే వలయములోని రాళ్లు రెండు వాని పినతండ్రి యింటి పునాదిలోనికి బోయి యున్నవి.