ఉలి ఎవరి చేతిలో ఉండాలి?

ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్ గుర్తుందా? కార్పెంటరీలో క్రాస్ ల్యాప్ జాయింట్, డవ్‌టెయిల్ జాయింట్. నిజం చెప్పండి, మీ జాయింట్ ఎవరు చేశారు? నాది మేస్త్రీ గారు చేశారు. నేను రంపంతో గీత దాటి కోసేసి బిక్కమొహం వేసుకుని నిలబడితే, ఆయన "ఇటివ్వమ్మా" అని తీసుకుని, ఉలితో నాలుగు దెబ్బలు వేసి, రెండు ముక్కలూ కుదిరేలా కూర్చోబెట్టి ఇచ్చారు. నాకు 10కి 9 వచ్చాయి. నిజానికి ఆ 9 ఆయనవి. నాకు వచ్చిందల్లా రికార్డులో బొమ్మ గీయడం.

మూడేళ్ళ తర్వాత నేను కూడా ఒక జూనియర్‌కి అచ్చం అదే పని చేశాను. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే. మిగతా సగం చెప్తాను.

పోయిన సెమిస్టర్‌లో మెకానికల్ వర్క్‌షాప్‌లో శనివారం మధ్యాహ్నాలు ఆరుగురు జూనియర్లకి అకూస్టిక్ గిటార్ తయారుచెయ్యడం నేర్పాం. నేర్పింది నేనూ, నా క్లాస్‌మేట్ ఒకడూ, పక్కన మేస్త్రీ గారు. అప్పటికి నేను చేసిన గిటార్లు రెండే. మొదటిది సెకండియర్ సెలవుల్లో, కంపియానో, నాటెల్సన్ రాసిన 'గిటార్ మేకింగ్: ట్రెడిషన్ అండ్ టెక్నాలజీ' అనే 1987 నాటి పుస్తకం ముందు పెట్టుకుని చేశాను. పద్నాలుగు శనివారాల్లో ఆరు గిటార్లు తయారయ్యాయి. ఆరూ మోగుతాయి. ఒకటి మూడో ఫ్రెట్ దగ్గర జుమ్మంటుంది, అయినా మోగుతుంది.

ఇప్పుడొక ప్రతిపాదన వచ్చింది. పద్నాలుగు వారాలు ఎందుకు, రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టండి, కిట్లు తెప్పిద్దాం, అన్నీ మెషీన్ మీద కోసి వచ్చేస్తాయి, పిల్లలు అతికించుకుంటే చాలు, 60 మంది కూర్చోవచ్చు, అందరికీ సర్టిఫికెట్ అని. చెప్పినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే చెప్పారు. ఆరుగురి కోసం సెమిస్టర్ అంతా వర్క్‌షాప్ తాళాలు ఇవ్వడం వాళ్ళకి కష్టమే. కానీ నాకు అభ్యంతరం ఉంది. అభ్యంతరం కిట్ మీద కాదు. కిట్‌లో ఏది రెడీగా రావచ్చు, ఏది రాకూడదు అన్నదాని మీద.

ముందు గిటార్‌లో ఏది ముఖ్యమో చూద్దాం. ఇవాళ మనం చూసే క్లాసికల్ గిటార్ రూపానికి ఆద్యుడిగా చెప్పుకునేది ఆంటోనియో దె టోరెస్ అనే స్పెయిన్ దేశస్థుణ్ణి. అతను 1862లో ఒక గిటార్ చేశాడు. పైచెక్క మామూలుగా చెక్కతోనే. వెనకభాగం, పక్కలు మాత్రం కాగితపు అట్టతో! శబ్దానికి ప్రాణం పైచెక్క అని చూపించడానికి చేశాడు. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. నాకు తెలిసినంతలో ఇంతకన్నా అందమైన ప్రయోగం లేదు. ఒక్క వేరియబుల్ మార్చి మిగతావన్నీ అలాగే ఉంచడం అని మనకి ల్యాబ్‌లో చెప్తారే, అది ఇదే.

ఆ పైచెక్క మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఇక్కడ మన స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పనికొస్తుంది. పలక బిగువు మందానికి ఘనంగా మారుతుంది. 3 మిల్లీమీటర్ల పలకని 2.7కి తెస్తే మనం తీసింది పదో వంతు మందమే, పోయింది మాత్రం 27 శాతం బిగువు. పైగా ఏ రెండు చెక్కలూ ఒకలా ఉండవు. ఒకే దుంగలోంచి వచ్చిన రెండు పలకల్ని ఒకే మందానికి మెషీన్ మీద కోసినా ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉండొచ్చు. అందుకే చిత్రిక పడుతూ, మధ్యమధ్యలో రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం వంచి చూసి, వేలితో కొట్టి విని, 'చాలు' అనుకునే చోట ఆగాలి. ఎక్కడ ఆగాలన్నది డ్రాయింగ్‌లో ఉండదు. మా క్లాసులో నాలుగు శనివారాలు ఈ ఒక్క 'చాలు' కోసమే పోయాయి.

మెషీన్ కోసి పంపిన పైచెక్కలో ఆ 'చాలు' వేరే ఎవరో అనేసి ఉంటారు. పిల్లలకి మిగిలేది ఫెవికాల్ రాయడం.

మరి పక్కలు? 2 మిల్లీమీటర్ల పలకని తడిపి, కాల్చిన ఇనప గొట్టం మీద వంచాలి. నేను వంచిన మొట్టమొదటి పక్క నడుము దగ్గర టప్‌మని విరిగింది. ఆ వేడికి భయపడేవాళ్ళు ఉంటారు, చేతులు కాలే ప్రమాదం కూడా ఉంది. టోరెస్ మాట ప్రకారం పక్కల ప్రభావం తక్కువే కాబట్టి, వంచిన పక్కలు రెడీగా తెచ్చుకుందాం అంటే నేను ఒప్పుకుంటాను. టైమ్ కూడా కలిసొస్తుంది.

ఫ్రెట్లు మాత్రం వాళ్ళే లెక్కేసి, వాళ్ళే కొయ్యాలి. ఎందుకో ఒక ఉదాహరణ చెప్తాను. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అనుకోండి. మిగిలిన పొడవుని ప్రతిసారీ 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ దూరం వస్తుంది. మొదటిది 36.48 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర. పూర్వం 18తో భాగించేవాళ్ళు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో చెప్పిన పద్ధతి అది. దాంతో వేస్తే పన్నెండోది సుమారు 322.6 దగ్గర పడుతుంది. లెక్క ఇంతే, ఎక్సెల్‌లో రెండు నిమిషాలు.

మా క్లాసులో ఒక అమ్మాయి లెక్క కరెక్టుగానే వేసింది. కానీ ప్రతి ఫ్రెట్‌నీ దాని ముందు ఫ్రెట్ నుంచి కొలుచుకుంటూ పోయింది. ప్రతిసారీ పావు మిల్లీమీటరు తగ్గింది. పన్నెండోది వచ్చేసరికి 3 మిల్లీమీటర్లు తేడా. పలికితే అర్ధస్వరంలో దాదాపు ఆరో వంతు తక్కువ. మెట్రాలజీలో 'క్యుములేటివ్ ఎర్రర్' అని ఆ అమ్మాయి పరీక్షలో రాసే ఉంటుంది. ఆ రోజు చెవికి వినిపించింది. "అన్నీ మొదటి చివర నుంచే కొలవాలి కదక్కా" అని తనే అంది. నేను చెప్పలేదు. ఆ ఫ్రెట్‌బోర్డ్ పారేసి ఇంకోటి కోసుకుంది. ఖర్చు కొద్దిగా, రెండు శనివారాలు. కిట్‌లో ఫ్రెట్ గాడులు కోసి వచ్చుంటే ఈ తప్పు జరగదు. ఈ మాటా ఆ అమ్మాయి నోట్లోంచి రాదు.

తప్పు చేసే హక్కు అన్ని చోట్లా ఒకేలా ఉండదని కూడా ఇక్కడే తెలిసింది. బొబ్బిలి వీణ మన ఉత్తరాంధ్రవాళ్ళకి కొత్త కాదు. గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాల్లో పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుంటూ వచ్చారు. వీణకి 24 మెట్లు. వాటిని మైనంలో నిలబెడతారు, చెవితో విని సర్దుతారు. కుదరకపోతే మైనం కరిగించి మళ్ళీ కట్టుకోవచ్చు. గిటార్ ఫ్రెట్‌కి గాడి ఒకసారి కోశాక అంతే. ఇంట్లో నేర్చుకునేవాళ్ళకి ఏళ్ళు ఉంటాయి, మాకు పద్నాలుగు శనివారాలు. అంత తక్కువ టైమ్‌లో కూడా తప్పుకి చోటు ఉంచాలంటే అది నేర్పేవాళ్ళే ముందుగా ప్లాన్ చెయ్యాలి. అదనపు ఫ్రెట్‌బోర్డులు, అదనపు పలకలు ముందే తెచ్చి పెట్టుకోవాలి.

"మొదటిసారి చేసేవాళ్ళ చేతిలో ఖరీదైన రోజ్‌వుడ్ పాడుచెయ్యడం ఎందుకు?" అని ఒక ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. మేము రోజ్‌వుడ్ వాడలేదు. వెనకా పక్కలా పనసచెక్క వాడాం. బొబ్బిలి వీణ చెక్కేది దాంతోనే. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో గిటార్లకి కూడా పనస వాడతారు. టింబర్ డిపోలో దొరికింది, పసుప్పచ్చగా ముద్దొస్తుంది. పైచెక్కకి స్ప్రూస్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాం. మొత్తం కలిపి ఒక్కో గిటార్‌కి ఆరు వేల లోపే అయింది. బిగింపులకి పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబులు తెచ్చి రిబ్బన్లలా కోసి కట్టాం. ఎక్కువ ఖర్చయింది చెక్కకి కాదు, టైమ్‌కి.

ఇప్పుడు నా తప్పు.

ఆరుగురిలో ఒక అబ్బాయి చాలా నెమ్మది. చెయ్యి వణికేది. పైచెక్క లోపలివైపు ఏడు సన్నటి బద్దలు విసనకర్రలా అతికిస్తాం. వాటిని ఉలితో చివర్లకి పోనుపోను సన్నగా చెక్కాలి. ఉలి జారితే పైచెక్కకి గాటు పడుతుంది. పన్నెండో శనివారం వచ్చింది. మిగతా అయిదుగురూ పెట్టె మూసేశారు. ఇతనివి ఇంకా రెండు బద్దలే అయ్యాయి. అవతల ఫెస్ట్ ఉంది, స్టాల్‌లో ఆరు గిటార్లు పెడతామని చెప్పేశాం, పోస్టర్ కూడా వేశాం. "ఇటివ్వరా" అన్నాను. ఇచ్చేశాడు. మిగిలిన అయిదు బద్దలూ నేనే చెక్కాను. గంట పట్టలేదు. తర్వాత మెడ నునుపు చెయ్యడం కూడా నేనే. అతను పక్కన నిలబడి బ్రష్‌తో పొట్టు ఊడ్చాడు.

ఫెస్ట్‌లో ఆరింటిలో అన్నిటికన్నా బాగా పలికింది ఆ గిటారే. ఎవరో సీనియర్ వాయించి చూసి, "సూపర్ ఉంది రా, నువ్వే చేశావా?" అని అడిగాడు.

"అక్క చేసింది" అన్నాడు.

వ్యంగ్యం లేదు, కోపం లేదు. ఉన్నమాట చెప్పాడు. అయిదుగురూ ఎవరి గిటార్ వాళ్ళు రూముకి పట్టుకుపోయారు, ఆ జుమ్మనేదాంతో సహా. అది జుమ్మన్న ప్రతిసారీ దాని ఓనర్ "ఈ ఫ్రెట్ నేనే ఎక్కువ అరగదీశా" అని అందరికీ గర్వంగా చెప్పుకుంటున్నాడు. ఈ అబ్బాయిది మాత్రం ఇవాళ్టికీ వర్క్‌షాప్ బీరువాలోనే ఉంది. రెండుసార్లు మెసేజ్ పెట్టాను. "తీసుకుంటా అక్కా" అన్నాడు. తీసుకోలేదు.

నాకు 9 మార్కులు ఇప్పించిన మేస్త్రీ గారి మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. కానీ ఆ జాయింట్ నేను ఇంటికి తీసుకెళ్ళి అమ్మకి చూపించలేదు. ఎందుకు చూపించలేదో ఫెస్ట్ రోజు రాత్రి అర్థమైంది.

అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో గిటార్ తయారీ ద్వారా సైన్సు, లెక్కలు నేర్పే కార్యక్రమం ఒకటి నడిచింది. టీచర్లకే ముందు గిటార్ చెయ్యడం నేర్పారు. ఎక్కువగా ఎలక్ట్రిక్ గిటార్లు. ఆ పద్ధతి ఇక్కడ పెడదాం అంటే పెట్టుకోవచ్చు, అదీ మంచిదే. ఎలక్ట్రిక్‌లో శబ్దం పికప్ నుంచి వస్తుంది, దానికి మెషీన్ కోసిన బాడీ సరిపోతుంది. అకూస్టిక్ గిటార్‌కి అలా కుదరదు. 'అకూస్టిక్ గిటార్ బిల్డింగ్ వర్క్‌షాప్' అని సర్టిఫికెట్ మీద వేసి, పైచెక్క ముట్టుకోనివ్వకుండా పంపిస్తే అది మన కార్పెంటరీ రికార్డు లాంటిదే.

కాబట్టి నేను అడిగేది ఇది. 60 మంది వద్దు, 12 మంది చాలు. వంచిన పక్కలు, మెడ దిమ్మ రెడీగా తెప్పించుకుందాం, దాంతో పద్నాలుగు వారాలు పదికి తగ్గుతాయి. పైచెక్క, బద్దలు, ఫ్రెట్లు మాత్రం చేసేవాళ్ళ చేతుల్తోనే. గడువు కోసం ఫెస్ట్‌తో ముడిపెట్టొద్దు. ఎవరిది పూర్తికాకపోతే వాళ్ళది తర్వాతి సెమిస్టర్‌లో పూర్తవుతుంది. సర్టిఫికెట్ ఇవ్వాలనుకుంటే, చేసిన తప్పులు రాసుకున్న నోట్‌బుక్ చూసి ఇద్దాం.

నేర్పేవాళ్ళకి ఒక్కటే రూలు. మన ఉలి మన చేతిలో, వాళ్ళ ఉలి వాళ్ళ చేతిలో. చూపించాలంటే పక్కన వేరే ముక్క మీద చెక్కి చూపించాలి. వాళ్ళ చెక్క ముట్టుకోకూడదు. వాళ్ళు తప్పు చెయ్యబోతున్నారని కనిపిస్తున్నా సరే, చెయ్యి తెగే ప్రమాదం లేనంతవరకూ ఆగాలి. ఇది చాలా కష్టం. నేను రెండు గిటార్లు చెయ్యడం కన్నా కష్టం.

ఆ అబ్బాయికి మొన్న మళ్ళీ మెసేజ్ పెట్టాను. ఈసారి గిటార్ తీసుకెళ్ళమని కాదు. కొత్త స్ప్రూస్ పలక ఒకటి మిగిలింది, రా, బద్దలు నువ్వే చెక్కు, నేను ఆ రోజు వర్క్‌షాప్‌లోనే ఉండను, మేస్త్రీ గారు ఉంటారు అని. "చూద్దాం అక్కా" అన్నాడు.

కొత్త బ్యాచ్ ఎలా ఉండాలో క్లబ్ మీటింగ్‌లో వచ్చే వారం తేలుస్తారు. నాతో ఏకీభవించినా, లేకపోయినా వచ్చి చెప్పండి. వచ్చేటప్పుడు మీ దగ్గర పాత సైకిల్ ట్యూబులుంటే పట్టుకురండి. అవి ఎన్ని ఉన్నా చాలట్లేదు.