మురుగుకాలువ జ్వరము

పురవీథులను శుభ్రపఱచు పనివాడు జ్వరముతో మంచము పట్టినచో కామెర్లని చెప్పి యూరకుండుట మనకు వాడుకయైనది. ఆ కామెర్లలో కొన్ని లెప్టోస్పైరోసిస్ అను వ్యాధివలన గలుగునవి. దీనిని 1886లో వైల్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. జపాను దేశపు బొగ్గుగని కార్మికులయందు 1915 ప్రాంతమున ఇనాడా, ఇడో అను వైద్యులు క్రిమిని కనుగొనిరి. ఎలుకల మూత్రముతో మురుగునీట జేరిన యీ క్రిమి కాలిపగుళ్ళగుండ, చేతిగాయములగుండ దేహమున బ్రవేశించును. జ్వరము పొడసూపుటకు తఱచుగా వారము పదిదినములు పట్టును. అంతలో గాయము మానిపోవును, దానితో సాక్ష్యమును మాయమగును. గుత్తదారుని హాజరుపట్టీలో పేరు లేక, ఆసుపత్రి చీటీలో వృత్తి లేక, పరిహారమడుగుటకు ఆధారమేది?

చట్టము మాత్రము మూగదికాదు. 1923 నాటి పరిహారశాసనపు మూడవ యనుబంధమందును, దాని స్థానమునకై చేసిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియందును, అంటుదోషము విశేషముగా గల పనులలో సోకిన రోగములు వృత్తిరోగములుగా నెన్నబడినవి. పనివలన రాలేదని రుజువుపఱచు భారము యజమానునిది. ఇంతటి హక్కు పుస్తకములలో నుండియు, దాని నెఱిగిన పనివారెందఱు? పురపాలక సంఘములు ప్రతి గుత్తపత్రమునందును మోకాటిబూట్లు, చేదొడుగులు, పేరుపేరున హాజరు నిబంధనలుగా జేర్పవలెను. వైద్యులు జ్వరపీడితుని నేమి పని చేయుదువని మొదటనే యడిగి చీటీపై వ్రాయవలెను. ఆరంభమున గుర్తించినచో డాక్సీసైక్లినునకు లొంగు జ్వరమిది. వానలు పడకముందే సంఘముల తీర్మానములు వెలువడునని యెదురుచూచుచున్నాము.