రోగి రహస్యానికి తాళం: మన హార్డ్‌డిస్కుల సంగతి

మా కండ్లకోయలో నాకు పరిచయమున్న ఒక యువ వైద్యుడు ఇటీవల మా ఇంటికి వచ్చారు. క్లినిక్‌లోని పాత ల్యాప్‌టాప్‌ను అమ్మివేస్తున్నానని, ఫైళ్లన్నీ డిలీట్ చేశానని మాటల మధ్యలో చెప్పారు. అందులో ఆరేళ్ల రోగుల వివరాలు ఉన్నాయట. "హార్డ్‌డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేశారా?" అని అడిగాను. "పాస్‌వర్డ్ ఉంది కదా సార్!" అన్నారు.

ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు. సర్వీసులో ఉన్న రోజుల్లో, జిల్లా సమీక్షా సమావేశానికి వెళ్తూ నేను ఒక పెన్‌డ్రైవ్‌ను బస్సులో పోగొట్టుకున్నాను. హెచ్ఐవీ పాజిటివ్‌గా తేలిన వారి పేర్లు, గ్రామాలు, ఫోన్ నంబర్లు ఉన్న పట్టిక అందులో ఉంది. డిపోకు వెళ్లి విచారించినా ఫలితం లేకపోయింది. ఆ పట్టికలో ఒక గర్భిణి పేరు కూడా ఉంది. అత్తవారికి తెలియనివ్వవద్దని ఆమె కన్నీళ్లతో వేడుకుంటే, నేను మాట ఇచ్చాను. నోటితో ఆ మాట నిలుపుకున్నాను. జేబులోని వస్తువుతో నిలుపుకోలేకపోయాను. అది ఎవరి చేతికి చిక్కిందో నేటికీ తెలియదు. ఆమెకు ఆ సంగతి చెప్పే ధైర్యమూ నాకు లేకపోయింది.

ఆ పెన్‌డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, దొరికినవారికి అది ఒక ప్లాస్టిక్ ముక్క మాత్రమే. ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారమంతటినీ గూఢసంకేతంగా మార్చివేయడం. తాళంచెవి వంటి సంకేతపదం లేనిదే అది అర్థం కాదు. కంప్యూటర్ తెరవగానే అడిగే పాస్‌వర్డ్ వేరు. అది వీధి తలుపు గడియ వంటిది. డిస్కును విప్పి మరో యంత్రానికి తగిలిస్తే, ఆ గడియతో పనిలేకుండా ఫైళ్లు తెరుచుకుంటాయి. డిలీట్ చేయడమూ అంతే. చాలా సందర్భాలలో రిజిస్టరులోని విషయసూచిక చినిగిపోతుంది గాని పుటలు అలాగే ఉంటాయి.

విండోస్ ప్రొఫెషనల్‌లో బిట్‌లాకర్ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లకూ అది పనిచేస్తుంది. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉంది. ఇవి లేనివారికి వెరాక్రిప్ట్ ఉచితంగా లభిస్తుంది. ఒక్క జాగ్రత్త: వాడిన భాగాన్ని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేయాలా, డిస్కునంతటినా అని బిట్‌లాకర్ అడుగుతుంది. పాత డిస్కు అయితే మొత్తాన్నే ఎంచుకోవాలి. డిలీట్ చేసిన ఫైళ్ల అవశేషాలు ఖాళీగా కనిపించే భాగంలోనే ఉంటాయి.

ఇది సర్వరోగ నివారిణి కాదు. యంత్రాన్ని తెరిచి పనిచేస్తున్నంతసేపు సమాచారమూ తెరిచే ఉంటుంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై జరిగిన దాడి వంటివి దీనితో ఆగవు. 2023లో సైబరాబాద్ పోలీసులు ఫరీదాబాద్‌కు చెందిన ఒక నిందితుణ్ని అరెస్టు చేసి, సుమారు 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల సమాచారం అతని వద్ద ఉన్నట్లు ప్రకటించారు. అంత పెద్ద అంగడికి సరుకు అనేక దారుల్లో చేరుతుంది. వాటిలో పోగొట్టుకున్న పెన్‌డ్రైవ్, అమ్మివేసిన ల్యాప్‌టాప్ అనే దారులను మాత్రం మనమే మూయగలం.

చట్టాలు లేకపోలేదు. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి సమాచార రక్షణను సంస్థల బాధ్యతగా నిర్దేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. దాని కింద 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు ఎన్‌క్రిప్షన్‌ను పేరు పెట్టి మరీ పేర్కొన్నాయి. అయితే ప్రభుత్వ ఆసుపత్రిలో డేటా ఎంట్రీ ఆపరేటరు తన సొంత డబ్బుతో కొన్న పెన్‌డ్రైవ్‌లో నివేదికలు మోసే పరిస్థితి ఉంటే, ఏ నిబంధన ఏం చేస్తుంది? ఆసుపత్రే ఎన్‌క్రిప్ట్ చేసిన పరికరాలను ఇవ్వాలి. వాటి లెక్కకు సూపరింటెండెంటే జవాబుదారీ కావాలి. చిరుద్యోగిపై మెమో విసిరి చేతులు దులుపుకోవడం నాకు తెలిసిన పాత అలవాటే. వైద్య విద్యార్థులకు గోప్యత గురించి చెప్పే పాఠంలోనే ఈ పనిని చేయించి చూపాలి.

"నా దగ్గర దాచడానికి ఏముంది?" అనే విశ్రాంత ఉద్యోగ మిత్రులకు ఒక ప్రశ్న. పింఛను పత్రాలు, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లు, భార్య స్కానింగ్ రిపోర్టు ఎక్కడ ఉన్నాయి? "తాళంచెవి పోతే?" అని మరికొందరి భయం. ఈ భయం సబబైనదే. సంకేతపదాన్నీ, బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీనీ పోగొట్టుకుంటే సొంతదారుకూ ఆ సమాచారం దక్కదు. అందుకే ముందు మరో ప్రతిని తీసి, దానినీ ఎన్‌క్రిప్ట్ చేసి వేరేచోట ఉంచాలి.

ఆ యువ వైద్యుడు ల్యాప్‌టాప్‌ను అమ్మకుండా వెనక్కి తీసుకెళ్లారు. డిస్కునంతటినీ ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తరువాతే యంత్రాన్ని రీసెట్ చేయమన్నాను. ఒక రాత్రంతా పట్టిందట. నా 48 అంకెలు కాగితంపై ఉన్నాయి. బీరువాలో, పింఛను పత్రాల కింద. అవి ఎక్కడున్నాయో నా భార్యకు చెప్పి ఉంచాను.