ఫార్మాట్ కొట్టడం మరమ్మతు కాదు

"ఓఎస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి."

తెనాలిలో అడగండి, బాపట్లలో అడగండి, రైలు పట్టాలు అయిపోయే రేపల్లెలో అడగండి, కంప్యూటర్ రిపేరు షాపులో వినబడే తీర్పు ఇదే. రాత్రి షట్‌డౌన్ చేసేటప్పుడు అప్‌డేట్ పడింది. పొద్దున టాలీ తెరుచుకోలేదు. లేదా పేజ్‌మేకర్ మీద రెండుసార్లు నొక్కితే నీలం గుండ్రం కాసేపు తిరిగి, ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది. సీపీయూను బండి మీద పెట్టుకుని షాపుకు పోతాం. అక్కడి కుర్రాడు ఆన్ చేస్తాడు, తెర మీదకొచ్చిన ఎర్రర్ పెట్టెను చదవకుండానే ఓకే నొక్కి మూసేస్తాడు, పై మాట అంటాడు. "డేటా డీలోనే ఉందిగా?" అని అడుగుతాడు. ఉందనే అనుకుంటూ తలూపుతాం.

ఈ తీర్పును ఊళ్లో ఎవరూ ప్రశ్నించరు. షాపువాళ్లే కాదు, ఆఫీసు గుమాస్తాలు, లెక్చరర్లు, బీటెక్ చదివిన పిల్లలు కూడా "ఒకసారి ఫార్మాట్ కొట్టించెయ్, ఫ్రెష్‌గా ఉంటుంది" అంటారు. ఇది తప్పుడు నమ్మకమని నా వాదన. డేటా పోతుందన్నది అందులో ఒక భాగం మాత్రమే. ప్రోగ్రాం ఎందుకు తెరుచుకోలేదో చెప్పే ఆధారాలు ఆ డిస్కు మీదే ఉంటాయి. ఫార్మాట్ ముందుగా తుడిచేది వాటినే. కారణం తెలియకుండా కుదుటపడిన సిస్టమ్ మూడు నెలలకు మళ్లీ చెడితే, అప్పుడు చేయగలిగింది మళ్లీ తుడవడమే.

ఆధారాలంటే పోలీసు భాషలో కాదు, నిజంగానే రాసి ఉంటాయి. విండోస్ ఏ రోజు పద్దు ఆ రోజు రాసుకుంటుంది. స్టార్ట్ దగ్గర 'రిలయబిలిటీ' అని కొడితే రిలయబిలిటీ హిస్టరీ అనే పుట వస్తుంది. విస్టా కాలం నుంచీ ఉందది. తేదీల వారీగా గడులు, ప్రోగ్రాం కూలిన రోజున ఎర్ర గుర్తు, అదే వరుసలో ఆ రోజు పడిన అప్‌డేట్ల పేర్లు. బుధవారం అప్‌డేట్ పడి గురువారం నుంచి ఎర్ర గుర్తులు మొదలైతే అనుమానం బలపడుతుంది. అంతకు పది రోజుల ముందు నుంచే ఎర్ర గుర్తులుంటే అప్‌డేట్‌ను తిట్టడం మానేసి వేరే చోట వెతకాలి. ఇంకాస్త లోతుకు పోవాలంటే ఈవెంట్ వ్యూయర్ ఉంది. ఏ ప్రోగ్రాం కూలింది, ఏ మాడ్యూల్ దగ్గర కూలింది, ఏ కోడ్‌తో కూలింది అని మూడు సంగతులూ విడివిడిగా చెబుతుంది. తెర మీద పెట్టెలో చివర 135 ఉన్న కోడ్ కనబడితే ప్రోగ్రాంకు కావలసిన డీఎల్ఎల్ ఫైలో, డాట్‌నెట్ భాగమో లేదని అర్థం. చివర 7బి ఉంటే చాలాసార్లు 32 బిట్, 64 బిట్ ఫైళ్లు కలగాపులగమయ్యాయని. వీసీరన్‌టైమ్140 దొరకడం లేదని పెట్టె వస్తే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ వేస్తే సాధారణంగా సరిపోతుంది. (ఆ ఒక్క ఫైలును ఎక్కడ దొరికితే అక్కడ దింపుకునేవాళ్లున్నారు, వైరస్‌ను పిలిచి పీట వేయడమే అది.) కుర్రాడు చదవకుండా మూసేసిన పెట్టెలో ఉన్నది ఇలాంటి సమాచారమే.

మన ఊళ్లలో అప్‌డేట్ తర్వాత ప్రోగ్రాంలు మొరాయించడానికి కారణాలు అంత నిగూఢమైనవేం కావు. పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లలో సీ డ్రైవ్‌కు యాభై, అరవై జీబీ ఇచ్చి మిగతాదంతా డీకి, ఈకి పంచడం షాపుల అలవాటు. అప్‌డేట్లు పడేదేమో సీలో. కొన్నేళ్లకు అది నిండుతుంది, అప్‌డేట్ సగంలో ఆగుతుంది, తాత్కాలిక ఫైలు రాసుకోవడానికి చోటు లేక ప్రోగ్రాం లేవదు. పోయినసారి ఫార్మాట్‌లో చేసిన పంపకమే ఈసారి ఫార్మాట్‌కు కారణమన్నమాట. అప్‌డేట్ పడుతుండగా కరెంటు పోవడం ఇంకొకటి. బ్యాటరీ చచ్చిన యూపీఎస్ పక్కనే ఉంటుంది, అలంకారానికి. కొత్తగా వచ్చిన ప్రోగ్రాం ఫైలును చూసి యాంటీవైరస్ అనుమానించి క్వారంటైన్‌లో పడేయడం మరొకటి. పాత వెర్షన్ పూర్తిగా మూతపడకుండా వెనక మిగిలిపోతే టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఆపితే చాలు. ప్రోగ్రాం తాలూకు సెట్టింగుల ఫోల్డరు చెడితే దాన్ని తీసేయక్కర్లేదు, పేరు మార్చి చూస్తే కొత్తది తనే తయారు చేసుకుంటుంది. ఇవేవీ తోచకపోతే విండోస్‌లో ఇంకో యూజర్ అకౌంట్ తెరిచి అందులో నడిపి చూడాలి. అక్కడ నడిచిందంటే విండోస్ బాగానే ఉంది, చెడింది మీ ప్రొఫైల్. దీనికి పట్టేది కొద్ది నిమిషాలు.

డీటీపీ వాళ్ల బాధ వేరు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబీ దాన్ని ఎప్పుడో వదిలేసి ఇన్‌డిజైన్‌కు పోయింది. మన శుభలేఖలు, కరపత్రాలు, దశదిన కర్మ కార్డులు మాత్రం దాన్ని వదల్లేదు, అను ఫాంట్లతో ఇంకా అందులోనే పుడుతున్నాయి. ఆ ప్రోగ్రాం పేజీ కట్టేది ప్రింటర్‌ను చూసుకుని. విండోస్ 10లో డీఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకునే సెట్టింగు ఒకటి ఉంది. దాని పుణ్యమా అని ప్రింటర్ మారినా, డ్రైవర్ పోయినా పేజ్‌మేకర్ పేచీ పెడుతుంది. చూడాల్సింది ప్రింటర్‌ను. తుడిచేది మొత్తం సీ డ్రైవ్‌ను.

ప్రింటర్ల మాట వచ్చింది కాబట్టి 2021 సెప్టెంబరు గుర్తు చేయాలి. ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపానికి మైక్రోసాఫ్ట్ వరసపెట్టి మందు వేస్తున్న రోజులవి. కేబీ5005565 అనే అప్‌డేట్ పడ్డాక, ఒక సిస్టమ్‌కు తగిలించిన ప్రింటర్‌ను పక్క సిస్టమ్ నుంచి వాడుకునే చోట 11బితో ముగిసే ఎర్రర్ మొదలైంది. మన జిరాక్స్ షాపులు, చిన్న ఆఫీసులు ప్రింటర్‌ను పంచుకునేది అలాగే. ఇక్కడ ఫార్మాట్ ఏం చేస్తుంది? కొత్త విండోస్ వేసి, అప్‌డేట్ చేయగానే అదే ఎర్రర్ మళ్లీ పలకరిస్తుంది. అప్‌డేట్ నంబరు తెలిసినవాడికి ఆ ఒక్కదాన్ని వెనక్కి తీసి, సరైన సవరణ వచ్చేదాకా ఆగే వీలుంది. నంబరు తెలియాలంటే చదవాలి.

ఇంతకంటే పెద్ద సాక్ష్యం 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్‌తో ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దాటి ముందుకు రాలేదు. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఒక ప్రోగ్రాం తెరుచుకోకపోవడం కాదు, విండోసే తెరుచుకోలేదు. మన లెక్కన ఇది 85 లక్షల ఫార్మాట్ల కేసు. చివరికి చేసిందేమిటి? సిస్టమ్‌ను సేఫ్ మోడ్‌లో లేపి, 291 అంకె ఉన్న ఒక్క ఫైలును తొలగించడం. ఆ పని ఒక్కో కంప్యూటర్ దగ్గరకూ పోయి చేయాల్సి రావడంతో కొన్ని చోట్ల రోజులు పట్టింది, నిజమే. అయినా మందు మాత్రం ఒక్క ఫైలు.

ఇక "అప్‌డేట్ తర్వాత పోయింది కాబట్టి అప్‌డేట్ వల్లే పోయింది" అనే తర్కం సంగతి. ఫైర్‌ఫాక్స్ 96వ వెర్షన్ 2022 జనవరి 11న వచ్చింది. రెండు రోజులకే, 13న, ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ బిగుసుకుపోయింది. తెరిచినా పేజీ కదల్లేదు. అందరి వేలూ కొత్త వెర్షన్ వైపే. తీరా చూస్తే ఆ వెర్షన్ నిర్దోషి. మొజిల్లా వాడుకునే క్లౌడ్ సర్వర్లలో హెచ్‌టీటీపీ/3 తాలూకు సెట్టింగు చెప్పాపెట్టకుండా మారింది. అంతకు ముందు నుంచే ఫైర్‌ఫాక్స్ కోడ్‌లో దాగి ఉన్న ఒక తప్పు దాంతో బయటపడి, ప్రోగ్రాం అంతులేని చక్రంలో చిక్కుకుంది. కొత్త వెర్షన్ రావడం, బ్రౌజర్ బిగుసుకోవడం కాకతాళీయం. ఆ రోజు డిస్కు తుడిచి ఫైర్‌ఫాక్స్‌ను మళ్లీ వేసుకున్నవాడికి దక్కిందేమీ లేదు, ఎందుకంటే చెడింది అతని ఇంట్లో కానే కాదు.

ఫార్మాట్ ఖర్చు షాపువాడికిచ్చే డబ్బుతో తీరిపోదు. రేపల్లె వైపు రొయ్యల మేతల వ్యాపారినో, తెనాలి రైసు మిల్లునో తీసుకోండి. "డేటా డీలో ఉంది" అన్నది సగం నిజం. టాలీప్రైమ్ తన డేటాను మనం మార్చకపోతే సీ డ్రైవ్‌లోనే, పబ్లిక్ అనే ఫోల్డరు కింద దాచుతుంది. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ సీలోనే ఉంటాయి. డేటా దక్కినా లైసెన్సును మళ్లీ యాక్టివేట్ చేయాలి. దానికి కావలసిన మెయిల్ ఐడీ ఎప్పుడో ఆడిటర్ గారి గుమాస్తా పెట్టింది, ఆ గుమాస్తా ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. లైసెన్సు లేని టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది, నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీ వేయనిస్తుంది. జీఎస్టీ రిటర్ను వేయాల్సిన వారంలో ఇదొక నరకం. పైగా డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవరు పోతుంది, ఈఎంసైనర్ పోతుంది, వేలిముద్ర మిషను తాలూకు ఆర్‌డీ సర్వీసు పోతుంది, డీటీపీ అయితే ఏళ్లుగా పోగేసిన ఫాంట్లన్నీ పోతాయి. ఇవన్నీ మళ్లీ వేసుకునే పని షాపువాడిది కాదట.

ఫార్మాటే రోగం తెచ్చిన సందర్భాలూ ఉంటాయి. ఫాక్స్‌ప్రోలో రాసిన డాస్ కాలం లెక్కల ప్రోగ్రాంలు చిన్న వ్యాపారాల్లో చాలాకాలం బతికాయి. అవి 32 బిట్ విండోస్‌లో నడిచేవి. షాపులో అడక్కుండానే 64 బిట్ వేసి పంపిస్తే అవి లేవవు, ఎందుకంటే 64 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాంలను నడిపే భాగమే లేదు. డాస్‌బాక్స్ లాంటిది వేస్తే దారి దొరకొచ్చు. అది చెప్పేవాడేడీ? "పాత సాఫ్ట్‌వేర్ సార్, కొత్తది కొనుక్కోండి" అంటారు. నిన్నటిదాకా నడిచింది కదా అని అడిగితే జవాబుండదు.

ఫార్మాట్ వర్గానికి ఒక దాయాది ఉంది: అప్‌డేట్లు ఆపించేసే వర్గం. ఫార్మాట్ కొట్టిన చేత్తోనే విండోస్ అప్‌డేట్‌ను మూసి "ఇంక ప్రాబ్లమ్ రాదు సార్" అంటారు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపాన్ని పూడ్చే అప్‌డేట్ ఇచ్చింది. సరిగ్గా ఆ లోపంలోంచే మే 12న వానాక్రై అనే వైరస్ దూరింది. దాదాపు రెండు నెలల వ్యవధి ఉన్నా వేసుకోనివాళ్ల ఫైళ్లకు తాళాలు పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కాయి. ఇంకో ఉదాహరణ మన లిపిదే. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒకానొక అమరికలో ఐఫోన్‌కు మెసేజీగా చేరితే యాప్ కూలిపోయేది, మళ్లీ తెరుచుకోనని భీష్మించేది. ఆ నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6 దాన్ని సరిచేసింది. తెరుచుకోని యాప్‌ను తెరిచింది అక్కడ అప్‌డేటే. చెడ్డ అప్‌డేట్లుంటాయి, కాదనను. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే మింగేస్తే మైక్రోసాఫ్ట్ పంపిణీ ఆపుకోవాల్సి వచ్చింది. అందుకే బ్యాకప్ పెట్టుకుని, నాలుగు రోజులు ఆగి వేసుకోవచ్చు. ఎప్పటికీ వేసుకోకపోవడం వేరు.

షాపు కుర్రాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. 1981 నుంచీ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న బాపట్లలో గానీ, ఇనుప తుక్కులోంచి నిలువెత్తు విగ్రహాలు తీసే శిల్పులున్న తెనాలిలో గానీ తెలివికీ, ఓపికకూ కరువు లేదు. కరువు మన చెల్లింపులో ఉంది. ఫార్మాట్‌కు మూడొందలో ఐదొందలో బేరమాడకుండా ఇస్తాం, ఎందుకంటే కొత్త తెర కనబడుతుంది. అదే కుర్రాడు అరగంట కూర్చుని లాగ్ చదివి, ఒక ఫోల్డరు పేరు మార్చి ప్రోగ్రాంను లేపితే "ఇంతేనా? దీనికి డబ్బులా?" అంటాం. చూసినందుకు ఫీజు ఇవ్వని ఊళ్లో చూడటం ఎవరు నేర్చుకుంటారు? పైగా ఫార్మాట్‌కు ఒకే వరస. డిస్కు పెట్టి ఇంకో పని చూసుకోవచ్చు. వెతుకులాటకు మనిషి కూర్చోవాలి. వాళ్ల లెక్క వాళ్లకు తప్పు కాదు.

ఫార్మాట్ అసలు వద్దని కూడా కాదు. ఫైళ్లకు తాళం వేసే వైరస్ దూరితే, కొత్త డిస్కు వేస్తే, క్రాక్ చేసిన విండోస్‌ను వదిలించుకోవాలంటే కొట్టాల్సిందే. పాత డిస్కు చచ్చిపోతోందంటే ముందు డేటా బయటికి తీసి, తర్వాత మార్చాలి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు మార్చే పేరుతో ఈ ఊళ్లలో ఫార్మాట్ల జాతర ఇంకొంత కాలం సాగుతుంది. కాబట్టి షాపువాళ్లను అడిగేది ఒకటే: తుడిచే ముందు ఎర్రర్ పెట్టె ఫోటో, రిలయబిలిటీ పుట ఫోటో రెండూ కస్టమర్ వాట్సాప్‌కు పంపండి, ఆ చూసినందుకు ఫార్మాట్‌కు తీసుకునేంతా తీసుకోండి. ఇవ్వనని గొణిగే కస్టమర్‌కు సీపీయూ తిరిగిచ్చి పంపేయండి.