మూట అంటే నామోషీ, ఫురోషికి అంటే కళ!

కొంతకాలంగా మన పట్టణాలలో కానుకలిచ్చేవారి నోట ఒక జపాను మాట వినిపిస్తున్నది: ఫురోషికి. చదరపు గుడ్డలో వస్తువును పెట్టి, ఎదురెదురు మూలలు కలిపి ముడివేసి, ఆ ముడినే పిడిగా పట్టుకొని మోసుకుపోయే విద్య అది. వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు, మురిసిపోతున్నారు. మంచిదే. విద్యతో నాకు పేచీ లేదు. అదే పని తిరుపతి బస్టాండులో ఒక పల్లెటూరి అవ్వ చేస్తే "మూటాముల్లె" అని మొహం చిట్లించి పక్కకు జరిగే మనమే, జపాను పేరు తగిలించగానే దానిని కళ అంటున్నామే, అక్కడ ఉన్నది నా పేచీ.

ముందు జపానువారికి న్యాయం చేద్దాం. ఫురో అంటే స్నానం, షికి అంటే పరచేది. ఎడో కాలపు స్నానశాలలలో బట్టలు మూటగట్టుకోవడానికి వాడిన గుడ్డవల్ల ఆ పేరు స్థిరపడిందంటారు. చుట్టవలసిన వస్తువు గుడ్డ కర్ణంలో మూడవవంతు ఉంటే చక్కగా కుదురుతుందని వారు లెక్క కట్టారు. ముడికీ ఒక పద్ధతి ఉన్నది. మొదట కుడికొనను ఎడమకొన మీదుగా తిప్పాలి, రెండవసారి ఎడమకొనను కుడికొన మీదుగా తిప్పాలి. అప్పుడది బరువుకు బిగుస్తుంది, విప్పబోతే సులువుగా వస్తుంది. రెండుమార్లూ ఒకే వైపు తిప్పితే జారిపోతుంది.

అంత తెలిసిన దేశంలోనూ ప్లాస్టిక్ సంచి వచ్చి గుడ్డను మూలకు నెట్టింది. తలసరి ప్లాస్టిక్ ప్యాకింగు చెత్తలో అమెరికా తరువాతి స్థానం జపానుదేనని 2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం నివేదిక చెప్పింది. కనుక జపాను మీద భక్తి అక్కరలేదు. అయితే 2006లో ఆ దేశపు పర్యావరణ మంత్రి యురికో కొయికె, పాత సీసాలనుంచి తీసిన దారంతో చేసిన ఫురోషికిని చేతబట్టుకొని ప్రచారానికి దిగారు. తన దేశపు మూటను పట్టుకోవడానికి ఒక మంత్రి సిగ్గుపడలేదు. దిగుమతి చేసుకోవలసినది ఏదైనా ఉంటే అది.

ఇక మన చిత్తూరు సీమ. ఇక్కడ గుడ్డతో మోయనిదేది? చేనికి సద్దిమూట. చెనక్కాయలు ఏరుకొనే ఆడవారి ఒడి. కడవ కింద చుట్టకుదురు. చింతకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల. కొంగు చివర చిల్లర ముడి. అన్నిటికంటె నాకు ఆశ్చర్యం కలిగించేది చాకలిమూట. ఒక దుప్పటిలో వీధి వీధంతా ఇముడుతుంది. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటివే. జీడిగింజ రసంతో పెట్టిన చిన్న గుర్తును బట్టి ఎవరి చొక్కా వారికి తిరిగి వస్తుంది. జపానులో ఎవరైనా ఇలా చేస్తే మనం పుస్తకం కొని చదివి ఉండేవాళ్ళం.

మూట బరువు కాదు సిగ్గుకు కారణం, మోసే మనిషి. రుజువు కావాలంటే ఇరుముడిని చూడండి. అదీ గుడ్డమూటే, రెండు అరల మూట: ముందు అరలో నేతి కొబ్బరికాయ, పూజాద్రవ్యాలు, వెనుక అరలో ప్రయాణపు సామాను. మాల వేసుకున్న ఇంజనీరుగారు దానిని నెత్తిన పెట్టుకొని రైలెక్కుతారు, ఎవరూ నవ్వరు. మాల తీసిన మర్నాడు అదే నెత్తిన బియ్యం మూట పెట్టమనండి! తిరుమలలోనూ అంతే. ముడుపు కట్టేది పసుపుగుడ్డలో. హుండీ కొప్పెరకు చుట్టినది తెల్లగుడ్డ. స్వామిని మనం పిలుచుకొనే పేరు "కొంగుబంగారం", అంటే చీరకొంగున ముడివేసుకున్న బంగారం.

అదే కొండమీద 2021 ఆగస్టులో డీఆర్‌డీఓ వారు రూపొందించిన, 90 రోజులలో మట్టిలో కలిసిపోయే సంచుల అమ్మకం మొదలయింది. 2022 జూన్ నుంచి ప్లాస్టిక్‌పై నిషేధం కఠినమయింది. నిషేధం మంచిదే, ఆ సంచీ పాతదానికన్న మేలే. కాని భుజాన ఉత్తరీయంతో దర్శనం చేసుకొని వచ్చిన పెద్దమనిషి లడ్డూలకోసం మళ్ళీ ఒక సంచి కొనడమేమిటి? నేయి అంటుతుందంటారా, లోపల ఒక విస్తరాకు వేసుకోండి.

సరిహద్దుకు అవతల తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో "మీండుం మంజప్పై", అంటే "మళ్ళీ పసుపు సంచి" అని ఉద్యమం పెట్టింది. పెళ్ళి తాంబూలంతో ఇచ్చే ఆ సంచి చిత్తూరువారికి కొత్త కాదు, దానిని పట్టుకున్నవాడు పల్లెటూరి బైతు అన్న ఎగతాళీ కొత్త కాదు. ఎగతాళిని విరచడానికి ఒక ప్రభుత్వమే పూనుకోవలసి వచ్చింది.

ఇంతవరకు చదివి "అదుగో, మా పూర్వులకు అన్నీ తెలుసు" అని తొడచరిచే మిత్రులున్నారు. వారితోనూ నాకు పొత్తు కుదరదు. ఎవరి పూర్వులండీ? మూటలు కట్టినవారు చాకలివారు, మలారం మోసిన గాజులవారు, కూలికి పోయిన తల్లులు. వారి నేర్పుకు మనం పేరు పెట్టలేదు. కులం పేరు పెట్టి పిలిచాం. ఇప్పుడు జపాను మెచ్చుకోగానే "మా సంస్కృతి" అని వాటాకు రావడం న్యాయం కాదు.

వాటా అడగదగిన చోటు ఒకటి ఉన్నది, దానిని మరచిపోయాం. 17వ శతాబ్దిలో కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు డచ్చి ఓడలలో జపాను చేరాయి. అక్కడివారు వాటిని "సరస" అన్నారు. తేనీటి వేడుకలో వాడే పాత్రలకు వాటితో సంచులు కుట్టుకున్నారు, చుట్టుగుడ్డలు చేసుకున్నారు. చిన్న ముక్కలనైనా పారవేయలేదు. హికొనె ప్రభువులు దాచుకున్న ముక్కలు నేడు తోక్యో జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నాయి. ఆ బట్టకు అద్దకం వేసినవారి పేర్లు ఎక్కడా లేవు.

నగరిలో, పుత్తూరులో మరమగ్గాలున్నాయి. ఈసారి పెళ్ళికి తాంబూలం సంచికి బదులు గజం చదరపు గుడ్డ ఇవ్వండి. కట్టడం రాకపోతే మీ వీధిలో బట్టలుతికే అవ్వను అడగండి. ఫురోషికి తరగతికి కట్టే రుసుమే ఆమెకూ కట్టండి, బేరమాడకండి.